బాలింత మనసును కూడా కనిపెట్టుకోండి

తొలి కాన్పుకు ఆడపిల్ల తల్లిగారింటికి రావడం మన దగ్గర ఇంకా నిలిచి ఉన్న ఆనవాయితీ. గద్వాల అయినా, వనపర్తి అయినా, నాగర్‌కర్నూల్ అయినా ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో తీసుకొచ్చుకుంటారు. పురుడు పోస్తారు. మూడో నెలో ఐదో నెలో చూసి ఒడిబియ్యం పోసి అత్తగారింటికి సాగనంపుతారు. అందుకే ఈ నాలుగు మాటలు ముందుగా ఆడపిల్లను కన్న తల్లిదండ్రులకు. కాన్పు తర్వాత కూతురి మనసు కుంగితే ముందు కంటబడేది మీకే.

బాలింతను చూడవచ్చినవాళ్లు ఏమడుగుతారో ఒకసారి గమనించండి. పిల్లవాడు ఎన్ని కిలోలు పుట్టాడు, ఎవరి పోలిక, పాలు చాలుతున్నాయా, రాత్రిళ్లు ఏడుస్తున్నాడా. తల్లిని అడిగేది ఒక్కటే, కుట్లు మానాయా అని. అడగాల్సిందే. తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్ కాన్పులేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది, దేశంలో మరే రాష్ట్రంలోనూ అంత లేదు. కాని మనసు ఎట్లా ఉందని అడిగేవాళ్లు ఉండరు. పండంటి బిడ్డను ఎత్తుకున్నదానికి మనసుకేం తక్కువ అనుకుంటాం.

ఒక సంగతి ముందే చెప్పాలి, లేకపోతే ప్రతి కన్నీటికీ భయపడతారు. కాన్పయిన మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య చాలామంది తల్లులకు, సగం మందికి పైనే, ఊరికే ఏడుపు వస్తుంది. చిన్న మాటకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి, అంతలోనే నవ్వుతారు, మళ్లీ విసుక్కుంటారు. మాయ పడిపోయాక ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్లు కొద్ది రోజుల్లోనే ఒక్కసారిగా తగ్గిపోతాయి. దానికి నిద్రలేమి, నొప్పులు, పాలు దిగడంలో ఇబ్బంది తోడవుతాయి. సరిగ్గా ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చే రోజులే ఇవి. దీనికి మందులు అక్కర్లేదు. పక్కన మనిషి ఉండి, కడుపునిండా తిండి పెట్టి, కాసేపు నిద్రపోనిస్తే రెండు వారాలలోపే సర్దుకుంటుంది.

రెండు వారాలు దాటినా తగ్గకపోతే, లేదా తగ్గి మళ్లీ వస్తే, అప్పుడు ఆలోచించాలి. అసలు ఏడుపే లేకుండా కూడా కుంగుబాటు రావచ్చు. చాలా ఇళ్లలో పెద్దలు పొరబడేది ఇక్కడే. కుంగుబాటు అంటే ఎప్పుడూ కన్నీళ్లు పెట్టుకుని కూర్చోవడమే అనుకుంటారు. మన ఊళ్లలో బాలింత "నాకు మనసు బాగలేదు" అని చెప్పదు. "పానం బాగుంటలేదు" అంటుంది. తలనొప్పి అంటుంది, నడుము గుంజుతోందంటుంది, గుండె దడదడ కొట్టుకుంటోందంటుంది, ఊరికే బుగులైతుందంటుంది. ఇంట్లోవాళ్లు తలనొప్పి మాత్ర తెచ్చిస్తారు. రెండు రోజులకు అదే మాట మళ్లీ వస్తుంది.

ముందుగా గమనించాల్సిన గుర్తు నిద్ర. చంటిబిడ్డ రాత్రంతా లేపితే ఏ తల్లికైనా నిద్ర కరువే, అది వేరు. బిడ్డ పడుకున్నాక, ఇంట్లో అందరూ పడుకున్నాక, అలసి సొలసి ఉన్న మనిషి కూడా కళ్లు తెరుచుకుని పైకప్పు చూస్తూ ఉంటే అది వేరు. 1987లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో జాన్ కాక్స్ బృందం బాలింతల కోసం పది ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేసింది. ఇప్పుడు ప్రపంచమంతటా ఎక్కువగా వాడేది దాన్నే. ఒళ్లు అలసట, ఆకలి లాంటివి అందులో అడగరు, అవి బాలింతలందరికీ ఉండేవే కనుక. నిద్ర గురించి అడిగేది కూడా దిగులు వల్ల పట్టడం లేదా అనే. గడిచిన ఏడు రోజుల్లో నవ్వగలిగావా, రేపటి కోసం ఎదురుచూడగలిగావా, నీ తప్పు లేకపోయినా నిన్ను నువ్వే నిందించుకున్నావా, కారణం లేకుండా భయపడ్డావా, ఇలా సాగి చివరికి నీకు నువ్వే హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అన్న ప్రశ్న దగ్గర ఆగుతుంది.

పట్టిక చేతిలో లేకపోయినా చూసే కన్ను ఉంటే చాలు. పిల్లకు నీళ్లు పోసే ఇల్లు ఊహించుకోండి. పొద్దున పీట వేసుకుని, కాళ్లు చాపి, పసిదాన్ని వాటి మీద బోర్లా పడుకోబెట్టి ఓ పెద్దామె నలుగు పెట్టి రుద్దుతుంది. ముక్కు పిండుతుంది, గుక్కపట్టిన పిల్లను ఏదో ఒకటి చెప్పి ఊరడిస్తుంది. సాంబ్రాణి పొగ చూపించి, బట్టలో చుట్టి, పాలివ్వమని తల్లికి అందిస్తుంది. తల్లి అందుకుంటుంది. పాలిస్తుంది. చూపు మాత్రం గోడ మీద ఉంటుంది. పిల్ల పాలు తాగడం ఆపి పైకి తల్లి ముఖంలోకి చూస్తుంది, తల్లికి ఆ సంగతే తెలియదు. ఒక పూట అయితే అలసట అనుకోవచ్చు. పది రోజులు అదే తీరుగా ఉంటే నీళ్లు పోసే ఆమెకు తెలిసిపోతుంది. ఆమె రోజూ వచ్చి చూస్తుంది, ఇంటి మనిషి కాదు కాబట్టి మనకంటే స్పష్టంగా చూస్తుంది. ఆమెను అడగండి.

దీనికి పూర్తి ఎదురుగా ఉండే గుర్తు కూడా ఉంది. కొందరు తల్లులు బిడ్డను ఒక్క క్షణం వదలరు. ఊపిరి ఆడుతోందో లేదో అని రాత్రి పదిసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తారు. ఎవరు ఎత్తుకున్నా పడేస్తారేమోనని వణుకుతారు. మనం దాన్ని ప్రేమ అని మెచ్చుకుంటాం. కొద్దిగా అయితే ప్రేమే. తిండీ నిద్రా మానుకునేదాకా వెళితే జబ్బు. ఇంకొందరిలో కోపం కనిపిస్తుంది, భర్త మీద, తల్లి మీద, ఒక్కోసారి పసిగుడ్డు మీద. "పొగరెక్కింది" అని తీర్పు చెప్పేస్తాం. "నేను మంచి తల్లిని కాను, నా చేతుల పెరగకుంటేనే బాగుపడుతుంది" అని ఎప్పుడైనా నోరు జారి అందంటే మాత్రం ఆ మాటను గాలికి వదిలేయకండి.

ఇది అరుదేమీ కాదు. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను, ఇరవై వేల మందికి పైగా తల్లుల వివరాలను కలిపి చూసిన విశ్లేషణ 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చింది. 22 శాతం తల్లులలో కుంగుబాటు కనిపించిందని అందులో తేలింది. అంటే ఐదుగురు బాలింతల్లో ఒకరు. మీ వాడలో ఈ ఏడాది కాన్పయినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టుకోండి.

ఎందుకు వస్తుందంటే ఒక్క కారణం చెప్పలేం. ఇంతకుముందెప్పుడైనా కుంగుబాటు వచ్చినవాళ్లకు, గర్భంతో ఉన్నప్పుడే దిగులుపడినవాళ్లకు ముప్పు ఎక్కువ. రక్తహీనత, థైరాయిడ్ తేడాలు కూడా అచ్చం ఇలాగే నీరసంగా, దిగులుగా కనిపిస్తాయి, లేదా ఉన్నదాన్ని పెంచుతాయి. తెలంగాణ ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని అదే కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. రక్తహీనత తగ్గించడానికి 2022 డిసెంబరులో తొమ్మిది జిల్లాల గర్భిణులకు పోషకాహార కిట్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు అందులో గద్వాల, నాగర్‌కర్నూల్ కూడా ఉన్నాయి. కాబట్టి రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించడం మొదటి పని.

మిగతావి పరీక్షల్లో తేలేవి కావు. గోవాలో తల్లుల మీద విక్రమ్ పటేల్ బృందం చేసిన అధ్యయనం 2002లో వచ్చింది. పేదరికం, భర్తతో సఖ్యత లేకపోవడం, పుట్టింది ఆడపిల్ల కావడం, ఇవి అక్కడ కుంగుబాటుకు తోడైన కారణాలుగా తేలాయి. మన దగ్గరికి వచ్చేసరికి దీనికి వలసను కూడా కలుపుకోవాలి. పాలమూరు మగవాళ్లు పనికోసం హైదరాబాదుకో, పుణేకో, ముంబైకో పోవడం తరాల నాటి సంగతి. బిడ్డ పుట్టిన వారానికి సెలవు అయిపోయిందని మేస్త్రీ ఫోన్ చేస్తాడు, తండ్రి బస్సెక్కుతాడు. ఇక్కడ గద్వాల వైపు నడిగడ్డలో పత్తి విత్తనాల క్రాసింగ్ సీజన్‌లో కాన్పయితే ఇంట్లో మిగతా ఆడవాళ్లంతా తెల్లవారుజామునే చేనులో ఉంటారు. బాలింత, చంటిది, నాలుగు గోడలు. రాజోలి లాంటి చేనేత ఊళ్లలో అయితే ఇల్లు నిండా మనుషులే, మగ్గం చప్పుడే, అయినా పండుగకు ముందు చీరలు దిగాల్సిన రోజుల్లో ఎవరికీ తల ఎత్తి చూసే తీరిక ఉండదు. రెండు ఇళ్లలోనూ ఆమె ఒంటరిదే.

ఆడపిల్ల పుట్టిందని మూతి ముడుచుకునే విషయంలో నాకు మెత్తగా మాట్లాడటం రాదు. రెండో కాన్పులోనూ ఆడపిల్లే అయితే బాలింత గదిలోకి వచ్చిన ప్రతి మనిషీ నిట్టూర్చి పోతుంటారు. ఆ నిట్టూర్పులు వినేది పసిది కాదు, తల్లి. అలాంటివాళ్లను గడప దగ్గరే ఆపే హక్కు తల్లిగారివాళ్లకు ఉంది, ఆ హక్కు వాడుకోండి.

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్న సంగతి. కాన్పయిన ఇంటికి ఆశా కార్యకర్త వస్తుంది. ఆస్పత్రి కాన్పు అయితే మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజు, ఇలా ఆరుసార్లు రావాలని నియమం. బిడ్డ బరువు తూస్తుంది, ఒళ్లు వెచ్చగా ఉందా చూస్తుంది, బొడ్డు చూస్తుంది. తర్వాత మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా మూడు నెలలకోసారి వస్తుంది. ఈలోపే మీ కూతురు ఊరు మారిపోతుంది. మీ ఊరి ఆశాకు తెలిసింది అత్తగారి ఊరి ఆశాకు తెలియదు. కుంగుబాటు మాత్రం కాన్పయిన మొదటి ఏడాదిలో ఎప్పుడైనా తలెత్తవచ్చు. మూడో నెలలో మొదలైతే తల్లిగారేమో "మా ఇంట్ల మంచిగనే ఉండె" అంటారు, అత్తగారేమో "వచ్చినప్పటి నుంచీ ఇట్లనే ఉన్నది, మొదటి నుంచీ ఇదే గుణమేమో" అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఆమె ముందు ఎట్లా ఉండేదో ఒకరికి తెలుసు, ఇప్పుడెట్లా ఉందో ఇంకొకరికి తెలుసు, రెండూ కలిపి చూసినవాళ్లు ఎవరూ లేరు. చాలామంది తల్లుల కుంగుబాటు ఈ సందులోనే జారిపోతుందని నా అభిప్రాయం.

కాబట్టి అడగండి. ఎట్లా అడగాలో చాలామందికి తెలియక మానేస్తారు. పది మందిలో వద్దు. తలకు నూనె రాస్తున్నప్పుడో, బిడ్డ పడుకున్నాకో, ఇద్దరే ఉన్నప్పుడు అడగండి. "బిడ్డా, ఈ పదిహేను దినాల్ల నీ మనసు ఎట్లున్నది? దేని మీదనన్న ఇష్టం పుడ్తున్నదా? ఊరికె దిగులైతుందా?" అంటే చాలు. చెప్పడం మొదలుపెడితే మధ్యలో అందుకోకండి. "మేం ఆరుగురిని కని, పదో రోజే చేనుకు పోయినం" అనే మాట ప్రతి ఇంట్లో ఒకరు అంటారు. ఆరుగురిని కన్న ఆ తరంలో ఎంతమంది ఇట్లాగే కుములుతూ, పేరు పెట్టుకోలేక, ఎవరికీ చెప్పుకోలేక గడిపారో మనకు లెక్కలు లేవు. "పిల్లగాని ముఖం చూసి మర్చిపో" అనే మాట కూడా పనిచేయదు. ఆ ముఖం చూసినా సంతోషం కలగడం లేదనే ఆమె లోపల సిగ్గుతో చచ్చిపోతోంది. "నీ తప్పు కాదు, ఇది వస్తుంటది, తగ్గుతది, డాక్టర్‌కు చూపిద్దాం" అనండి. ఇంతే.

చావు ఆలోచన గురించి అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని పెద్దలు జంకుతారు. అది నిజం కాదు, అడిగితే బరువు దిగుతుంది. అవునని చెప్పినా, మీకు అనుమానం కలిగినా ఒంటరిగా వదలకండి. ఇంకో పని కూడా ఆ రోజే చేయాలి. పత్తి వేసే ఇళ్లలో పురుగుల మందు డబ్బా అటక మీదో, పశువుల కొట్టంలోనో, మంచం కిందో ఉంటుంది. దాన్ని ఇంటి నుంచి తీసేసి, చేనులోనో పొరుగువాళ్ల దగ్గరో తాళం వేసి పెట్టండి. ఆ ఒక్క పని ప్రాణం నిలబెడుతుంది.

ఇంట్లో చేయగలిగినది చాలా ఉంది. రాత్రి కనీసం నాలుగైదు గంటలు ఏకధాటిగా ఆమెను నిద్రపోనివ్వాలి. పిండి పెట్టిన తల్లిపాలను ఉగ్గుగిన్నెతో అమ్మమ్మ పట్టవచ్చు, లేదా పాలు తాగించడం అవగానే పిల్లను పక్క గదిలోకి తీసుకుపోవచ్చు. పథ్యం పేరుతో కారంపొడి, వెల్లుల్లి మెతుకులతో నెలలు గడపనివ్వకండి. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు బాలింతకు కావాల్సినవే. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద పాలిచ్చే తల్లికి ఆరు నెలల దాకా ఒక పూట భోజనం, గుడ్డు, పాలు ఇస్తారు, 2015 జనవరి నుంచి నడుస్తున్న పథకమిది. ఆ భోజనం ఇంటికి తెప్పించుకోవడం కంటే, ఒళ్లు కుదుటపడ్డాక బిడ్డను ఎత్తుకుని అక్కడిదాకా నడిచిపోవడం మంచిది. నాలుగు ముఖాలు కనిపిస్తాయి, తనలాంటి ఇంకో బాలింతతో రెండు మాటలు కలుస్తాయి. చెవులకు గుడ్డ కట్టి చీకటి గదిలో కూర్చోబెట్టడంలో విశ్రాంతి ఉంది, ఆ విశ్రాంతి మంచిదే, కాని మనిషిని మనుషులకు దూరం చేసేదాకా పోకూడదు.

మాటలు కూడా వైద్యమే. పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో మన ఆశాల్లాంటి ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి, కుంగుబాటులో ఉన్న తల్లుల ఇళ్లకు వెళ్లి ఆలోచనలను మెల్లగా మళ్లించే మాటలు చెప్పించారు. ఆరు నెలలకు మామూలుగా పలకరించి వచ్చిన ఇళ్లలో 53 శాతం తల్లులు ఇంకా కుంగుబాటులోనే ఉంటే, ఈ మాటలు అందిన ఇళ్లలో అది 23 శాతానికి తగ్గింది. అతీఫ్ రహ్మాన్ బృందం 2008లో లాన్సెట్ పత్రికలో ఈ ఫలితాలు ప్రచురించింది. ఆ మాటలు చెప్పిన కార్యకర్తల్లో ఒక్కరూ డాక్టరు కారు.

అయినా డాక్టరును చూడాల్సిన సమయం వస్తుంది. మానసిక వైద్యం అనగానే మన జనానికి హైదరాబాదులోని ఎర్రగడ్డ ఆస్పత్రి గుర్తొచ్చి నోరు మూసుకుంటారు. ఇప్పుడు అంత దూరం పోనక్కర్లేదు. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వాటికి అనుబంధమైన జనరల్ ఆస్పత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో ముందుగా కనుక్కుని వెళ్లండి. కాన్పు చేసిన డాక్టరమ్మకు చెప్పినా దారి చూపిస్తుంది. అమ్రాబాద్ అడవిలో చెంచు పెంటల నుంచి రోడ్డు చేరడమే ఒక పని అయినవాళ్లకు, సిగ్గుపడి బయటికి రాలేనివాళ్లకు టెలీ మానస్ ఉంది. నంబరు 14416. 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతోంది, ఇరవై నాలుగు గంటలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. ఇంట్లోవాళ్లు కూడా చేసి సలహా అడగవచ్చు.

మందులు రాస్తే పాలు మాన్పించాలా అని భయపడతారు. అక్కర్లేదు, పాలిచ్చే తల్లులు వాడదగ్గ మందులు ఉన్నాయి. పాలిస్తున్న సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి, చాలు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, నాలుగు రోజులకే లాభం లేదని ఆపేయకూడదు. కొంచెం తేరుకోగానే కూడా ఆపకూడదు. జోగులాంబకు మొక్కుకోండి, దర్గాకు పోయి తాయత్తు కట్టించుకోండి, ఎవరూ వద్దనరు. డాక్టరు దగ్గరికి పోయే రోజును మాత్రం వాటికోసం వెనక్కి జరపకండి.

ఒక్క పరిస్థితిలో గంట కూడా ఆగకూడదు. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో, మనసు ఉన్నట్టుండి పట్టు తప్పుతుంది. రెండు మూడు రాత్రులు నిద్ర లేకపోయినా అలసట ఉండదు. ఎవరో మాట్లాడుతున్నారంటుంది, ఈ బిడ్డ నాది కాదంటుంది, అన్నంలో విషం కలిపారంటుంది, అంతలోనే మామూలుగా ఉంటుంది. గాలి సోకిందని వేపమండలు తేవడం, కొట్టడం, పొగ పెట్టడం ఆమెనూ బిడ్డనూ ప్రమాదంలో పడేస్తాయి. బిడ్డను ఆమె దగ్గర ఒంటరిగా ఉంచకుండా, ఆమెను కూడా ఒంటరిగా వదలకుండా 108కి ఫోన్ చేసి పెద్దాస్పత్రికి తీసుకుపోండి. వైద్యం అందితే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో తల్లినీ బిడ్డనూ విడదీయకుండా ఒకేచోట ఉంచి వైద్యం చేసే విభాగం 2009 నుంచి నడుస్తోంది.

అల్లుళ్లకు ఒక్క మాట. పుణేలో ఉన్నా, హైదరాబాదులో ఉన్నా రోజూ ఫోన్ చేస్తారు కదా. "పిల్ల ఏం చేస్తుంది" అని అడిగే ముందు "నువ్వు రాత్రి పడుకున్నవా" అని అడగండి. జవాబు రెండు వారాలు ఒకేలా ఉంటే బయలుదేరి రండి.

ఇక ఒడిబియ్యం పోసే రోజు. ఆ రోజు వియ్యపురాలిని ఒక పక్కకు పిలిచి కూతురి సంగతి చెప్పండి. "వదినా, మా పిల్ల ఈ మూడు నెలలు ఇట్ల ఉన్నది, ఇట్ల నిద్రపోయింది, ఇది ఇష్టంగ తిన్నది, ఈ సంగతికి భయపడ్తది. ఏమన్న తేడా అనిపిస్తే దాన్ని తిట్టకు, నాకు ఫోన్ చెయ్" అనండి. అత్తగారి ఊరి ఆశా ఫోన్ నంబరు అడిగి తీసుకోండి. అల్లుడి ఫోన్‌లో 14416 మీ ఎదురుగానే సేవ్ చేయించండి. ఆ తర్వాతే బస్సెక్కించండి.